చక్రాల ఇల్లు: బయలుదేరే ముందు ఒక రాత్రి

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో అర్వింగ్‌లోనో మే నెలాఖరున ఏ తెలుగింటికి వెళ్లినా సందడే. పిల్లలకు బడి సెలవులు. ఊరి నుంచి అమ్మానాన్నలు దిగి ఉంటారు. మాటల్లో ఎవరో ఒకరు అంటారు: "ఈసారి హోటళ్లూ గీటళ్లూ వద్దు, ఆర్వీ తీసుకుందాం. వంట మనదే, పడక మనదే. ఎల్లోస్టోన్ చూసుకుని అట్నుంచటే గ్రాండ్ కాన్యన్ మీదుగా వచ్చేద్దాం." అందరూ సరేనంటారు. మోకాళ్లు పట్టేసే పెద్దవాళ్లకు లేచి తిరగడానికి ఎక్కడపడితే అక్కడ ఆగొచ్చు, బయటి తిండి పడనివాళ్లకు వేడన్నం ఉంటుంది, చంటిపిల్లలకు బాత్రూమ్ వెతుక్కోనక్కర్లేదు. ఆలోచన బాగుంది. కుదిరితే ప్రయాణం కూడా అంత బాగానే ఉంటుంది.

మరి వెళ్లొచ్చినవాళ్లలో కొందరు "ఇంకోసారి ఆర్వీ పేరెత్తితే ఒట్టు" అని ఎందుకంటారు? ఎల్లోస్టోన్ నచ్చక కాదు. ఆర్వీని కొందరు పెద్ద కారనుకుంటారు, కొందరు చక్రాలున్న హోటలనుకుంటారు. అది రెండూ కాదు. నీళ్లు మనమే పట్టుకుని, మురుగు మనమే వదిలి, కరెంటు లెక్క చూసుకుని వాడాల్సిన చిన్న కాపురం. దాన్ని నడపడం వెయ్యి మైళ్ల అవతల, రాత్రి పదింటికి, ఫోన్ వెలుతురులో నేర్చుకోవచ్చు. ఇంటికి అరగంట దూరంలో తీరిగ్గా కూడా నేర్చుకోవచ్చు. ఈ అధ్యాయం రెండో దారి పట్టాలనుకునేవాళ్ల కోసం.

1. మ్యాపు మూసి క్యాలెండర్ తెరవండి

అందరూ చేసే మొదటి పొరపాటు ఇక్కడే. సెలవు దొరికింది పది రోజులు. డాలస్ నుంచి ఎల్లోస్టోన్ ఒకవైపే దాదాపు 1,300 మైళ్లు. కారులో అయితే ఇద్దరు మార్చిమార్చి నడుపుకుంటూ రెండు రోజుల్లో లాగించేస్తారు. ఆర్వీలో ఆ లెక్క నడవదు. ఎప్పట్నుంచో ఆర్వీలు నడుపుతున్నవాళ్లు 3-3-3 అని ఒక సూత్రం చెబుతారు: రోజుకు 300 మైళ్లు దాటకూడదు, మధ్యాహ్నం 3 కల్లా దిగిపోవాలి, దిగినచోట 3 రాత్రులుండాలి. మూడోది సెలవుల్ని బట్టి సడలించుకోవచ్చు. మొదటి రెండింటిని మాత్రం వదలొద్దు.

ఆ లెక్కన పోవడానికే నాలుగున్నర రోజులు, రావడానికి ఇంకో నాలుగున్నర. పది రోజుల్లో ఇక చూసేదేముంది? టెక్సస్ పొలాలూ పెట్రోలు బంకులూ. పైగా ఖర్చు. 30 అడుగుల ఆర్వీ గ్యాలనుకు 8 నుంచి 10 మైళ్లిస్తే గొప్ప. రానూపోనూ 2,600 మైళ్లకు 260 నుంచి 325 గ్యాలన్ల గ్యాసు కావాలి. చాలా అద్దె కంపెనీలు రోజు అద్దె మీద మైలుకింతని విడిగా వసూలు చేస్తాయి. అది దీనికి అదనం.

అందుకని పది రోజులే ఉన్నవాళ్లు విమానంలో సాల్ట్ లేక్ సిటీకి వెళ్లి అక్కడ బండి తీసుకోవడం మేలు. అక్కణ్నుంచి వెస్ట్ ఎల్లోస్టోన్ సుమారు 320 మైళ్లే. జయాన్, గ్రాండ్ కాన్యన్ చూడాలనుకుంటే లాస్ వేగస్‌లో తీసుకోవచ్చు. రెండు వైపులూ ఒకే ట్రిప్పులో కలపాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. మూడు వారాలు సెలవున్నవాళ్లకు అది చెల్లుతుంది, మిగతావాళ్లు ఒకటి ఎంచుకోక తప్పదు.

2. పడకలు కాదు, బెల్టులు లెక్కపెట్టండి

అద్దె కంపెనీ పేజీలో "ఏడుగురు పడుకోవచ్చు" అని ఉంటుంది. ఏడుగురు పడతారు, నిజమే. ఎవరు ఎక్కడ పడతారన్నది అసలు సంగతి. కుటుంబాలు ఎక్కువగా తీసుకునేది క్లాస్ సి. డ్రైవర్ క్యాబిన్ పైన ముందుకు పొడుచుకొచ్చిన అటకలాంటి పడక ఉండేది అదే. దానికి నిచ్చెనెక్కాలి. అరవై దాటిన మోకాళ్లు అర్ధరాత్రి అక్కణ్నుంచి దిగగలవా? భోజనాల బల్ల మడిచి వేసే పడక ఇద్దరు పిల్లలకు సరిపోతుంది, పెద్దవాళ్లకు కాళ్లు బయటికొస్తాయి. వెనక గదిలో మంచం సాధారణంగా ఒకటే. దాన్ని అమ్మానాన్నలకిస్తే మీరెక్కడ? ఈ పంపకం బుకింగ్ చేసేముందే కాగితం మీద పేర్లు రాసి తేల్చుకోవాలి. క్లాస్ ఎ బస్సంత ఉంటుంది, మొదటిసారికి వద్దు. క్లాస్ బి వ్యాను ఇద్దరికి చక్కగా సరిపోతుంది, ఆరుగురికి నరకం.

ఇక బెల్టులు. బండి కదులుతున్నప్పుడు ప్రతి మనిషికీ ఒక సీటు, ఒక బెల్టు ఉండాలి. పిల్లల కార్ సీట్లు ఇంటి నుంచి తీసుకెళ్లాలి. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ జరిగే సంభాషణ ఒకటుంది.

"ఒరేయ్, వెనక అంత మంచం పెట్టుకుని ఈ బెల్టు బిగించుకుని కూర్చోవడమేంట్రా? కాసేపు నడుం వాలుస్తా."

"బండి ఆగాక పడుకోండి నాన్నా. సడెన్ బ్రేక్ పడితే మంచం మీంచి ఎగిరి ముందుకొచ్చి పడతారు."

"రైల్లో పడుకోవట్లేదూ?"

రైలుకి ఎదురుగా ఎవడూ లేన్ మారడు. ఈ మాట బయలుదేరాక కాదు, టికెట్లు కొనక ముందే ఫోన్లో చెప్పి ఒప్పించుకోండి. "పడుకుని వెళ్లొచ్చు" అని ఆశపెట్టి పిలిపించి, తీరా వచ్చాక బెల్టు పెట్టుకోమంటే పెద్దవాళ్లకు కోపం రావడంలో తప్పులేదు. ప్రతి రెండు గంటలకూ ఒకసారి ఆపి, పావుగంట నడిచి, టీ తాగడం వాళ్ల నడుముకు మంచంకన్నా మంచి మందు.

3. మీ ఎత్తెంత? అద్దం మీద రాసుకోండి

నార్త్ కరొలైనాలో డర్హమ్ అనే ఊళ్లో ఒక రైలు వంతెన ఉంది. దాని కింద ఖాళీ ఒకప్పుడు 11 అడుగుల 8 అంగుళాలే ఉండేది. ముందు దీపాలు మెరుస్తాయి, హెచ్చరిక బోర్డులుంటాయి. అయినా అద్దె ట్రక్కులు వెళ్లి దానికింద దూరడం, పైకప్పు సార్డీన్ డబ్బా మూతలా చుట్టుకుపోవడం ఏళ్ల తరబడి జరిగింది. ఆ ప్రమాదాల వీడియోలు చాలామంది చూశారు. 2019లో వంతెనను 8 అంగుళాలు పైకెత్తి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. తర్వాత కూడా గుద్దుకున్నవాళ్లున్నారు. వాళ్లెవరూ తెలివితక్కువవాళ్లు కారు. రోజూ కారు నడిపేవాళ్లు, అంతే. తలమీద ఇంకో ఆరడుగులున్నాయన్న సంగతి గుర్తుండదు.

క్లాస్ సి ఆర్వీ పైన ఏసీతో కలిపి 12 అడుగుల దాకా ఉంటుంది. బండి చేతికొచ్చిన వెంటనే ఎత్తు, పొడవు, అద్దాలతో కలిపి వెడల్పు ఒక కాగితం మీద పెద్దంకెల్లో రాసి డ్రైవర్ కళ్లెదుట అంటించండి. ఫోన్లో రోజూ వాడే మ్యాపులు మీది కారనే అనుకుంటాయి. ఎత్తు చెబితే దాన్నిబట్టి దారి చూపే ఆర్వీ జీపీఎస్‌లూ యాప్‌లూ వేరే ఉన్నాయి. కొలతలు ఎంత పనిచేస్తాయో కొన్ని చోట్లు చెబితే తెలుస్తుంది.

జయాన్ పార్కులో కొండను తొలిచి 1930లో తెరిచిన మైలు పైచిలుకు సొరంగం ఉంది. ఇన్నేళ్లూ పెద్ద బళ్లు వస్తే అటువైపు ట్రాఫిక్ ఆపి, రుసుము తీసుకుని, నడిమధ్యలోంచి పంపేవారు. 2026 జూన్ నుంచి అదీ లేదు: 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు దాటిన బండి చుట్టూ తిరిగి వేరే దారిన పోవాల్సిందే. గ్లేషియర్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మధ్యభాగంలోకి బంపర్లతో కలిపి 21 అడుగుల పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బళ్లను రానివ్వరు. తూర్పున న్యూజెర్సీ బంధువుల్ని చూసి రావాలనుకునేవాళ్లకు న్యూయార్క్ పార్క్‌వేల మీది పాత రాతి వంతెనలు అడ్డం. కొలతలతో పనిలేని అడ్డంకి కూడా ఒకటుంది: బాల్టిమోర్ హార్బర్ సొరంగంలోకి వంటకు వాడే ప్రొపేన్ సిలిండర్లున్న ఆర్వీలకు ప్రవేశం లేదు. దారి గీసేటప్పుడే ఇవన్నీ చూసుకుంటే పది నిమిషాల పని. సొరంగం ముందు నిలబడి తెలుసుకుంటే సగం రోజు పోతుంది.

4. దిగే చోటు దొరికాకే బయలుదేరే తేదీ

చాలామంది ముందు సెలవు పెట్టి, విమానం టికెట్లు కొని, ఆఖర్న క్యాంపుగ్రౌండ్ వెతుకుతారు. ఈ వరస తిరగేయాలి. నేషనల్ పార్కుల్లో చాలా క్యాంపుగ్రౌండ్లు రిక్రియేషన్.గవ్ అనే సైట్లో ఆరు నెలల ముందు తెరుచుకుంటాయి, పేరున్న చోట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఎల్లోస్టోన్ లోపల నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న చోటు ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కటే. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కాబట్టి గుడ్డ గోడల టెంట్లకు అక్కడ చోటివ్వరు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున మ్యాథర్ క్యాంపుగ్రౌండ్‌లో 30 అడుగులు దాటిన బండి పట్టదు, కరెంటూ నీళ్ల కనెక్షనూ ఉండవు. పక్కనే ట్రైలర్ విలేజ్‌లో అన్నీ ఉంటాయి. బుక్ చేసేటప్పుడు "పుల్-త్రూ" అని ఉన్న చోటు దొరికితే వదలొద్దు. ఒకవైపు నుంచి దూరి ఇంకోవైపు నుంచి పోవచ్చు, రివర్స్ తిప్పలుండవు.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. 2026 జనవరి నుంచి నేషనల్ పార్కుల వార్షిక పాసు అమెరికా నివాసులకు 80 డాలర్లు, కానివాళ్లకు 250. పాసు లేని విదేశీ సందర్శకులకు ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, జయాన్‌తో సహా 11 పార్కుల్లో మామూలు ప్రవేశ రుసుముతోపాటు తలకు 100 డాలర్లు అదనం. ఎవరి పేర ఏ పాసు తీసుకోవాలో గేటు దగ్గర కాదు, ఇంట్లోనే పార్కు సైట్ చూసి తేల్చుకోండి.

5. తాళం తీసుకునేటప్పుడు మొహమాటం వద్దు

బండి అప్పగించే మనిషి పావుగంటలో అన్నీ గబగబా చెప్పేస్తాడు. మీరు తలూపుతారు. గంట తర్వాత ఒక్కటీ గుర్తుండదు. ఒకరు వింటూ ఉంటే ఇంకొకరు మొత్తం ఫోన్లో వీడియో తీయండి: జెనరేటర్ ఎలా వేయాలి, నీళ్ల పంపు స్విచ్ ఎక్కడ, ఏ వాల్వు దేనిది, మెట్టు ఎలా లోపలికి పోతుంది. బండి చుట్టూ, పైకప్పు మీద, కింద ఉన్న గీతలూ సొట్టలూ కూడా అందులో పడాలి.

టైర్ల పక్కన డాట్ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆర్వీ టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి. పైకి కొత్తగా కనిపించినా వయసు మీరి ఉంటే మార్చమని అడగడానికి సిగ్గుపడొద్దు.

బీమా సంగతి ఇంకా ముఖ్యం. "నా కారు ఇన్సూరెన్స్ ఉందిగా, క్రెడిట్ కార్డు ఉందిగా" అనేది రెండో పెద్ద పొరపాటు. చాలా కారు పాలసీలు అద్దె మోటర్ హోమ్‌కు వర్తించవు. క్రెడిట్ కార్డుల అద్దె కారు రక్షణలో మోటర్ హోమ్‌లను మినహాయించడం మామూలే. కంపెనీ ఇచ్చే కవరేజీలో కూడా పైకప్పుకు తగిలిన దెబ్బ చేరకపోవచ్చు. పైన చెప్పిన వంతెన గుర్తుంది కదా? ఆ ఒక్క పంక్తి వెతికి చదివి సంతకం పెట్టండి.

6. నీళ్లూ మురుగూ

అందరూ చెప్పడానికి సిగ్గుపడేదీ, అసలు ప్రయాణాన్ని నిలబెట్టేదీ ఇదే.

బండి కింద మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్లది ఒకటి, సింకూ షవరూ నీళ్లు చేరే గ్రే ట్యాంకు, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు. ఒక్కోటి 30-40 గ్యాలన్లు, చిన్న బళ్లలో ఇంకా తక్కువ. 40 గ్యాలన్లంటే 150 లీటర్లు. ఆరుగురి ఇంట్లో అదెన్ని గంటలొస్తుంది? వేడినీళ్ల ట్యాంకు చాలా బళ్లలో 6 గ్యాలన్లే, అంటే బకెట్టున్నర లోపు. ఒళ్లు తడిపి, కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పి కడుక్కుంటే ఇద్దరికి సరిపోతుంది. మామూలుగా నిలబడి పోసుకుంటే ఒకరికే చాలదు. క్యాంపుగ్రౌండ్లో స్నానాల గదులుంటే వాటినే వాడుకోవడం అన్నిటికన్నా తేలిక.

మంచినీళ్ల ట్యాంకు అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాని మీదే ధ్యాసంతా. ముందు నిండి కొంప ముంచేది మాత్రం గ్రే ట్యాంకు. మన వంటల్లో కడగాల్సినవి ఎక్కువ. అన్నం మెతుకులు, పప్పు అడుగు, నూనె, కరివేపాకు ఆ ట్యాంకులోకి పోతే రెండోరోజుకల్లా సింకులోంచి వాసన తంతుంది. పళ్లాలూ గిన్నెలూ ముందు కాగితంతో తుడిచి, ఆ కాగితం చెత్తబుట్టలో పడేసి, తర్వాతే కడగాలి. రెండు పూటలు కాగితం పళ్లాల్లో తింటే ఎవరి మర్యాదా పోదు.

ఇక టాయిలెట్. కాగితంతో సరిపెట్టుకోలేని పెద్దవాళ్లకు చెంబో, నొక్కితే చిమ్మే బాటిలో పెట్టాలి. నీళ్లు పోయడం తప్పు కాదు, నిజానికి బ్లాక్ ట్యాంకుకు నీళ్లు మంచివే. కాకపోతే అనుకున్నదానికన్నా త్వరగా నిండుతుంది, అంతే జాగ్రత్త. తడి తుడుపుళ్లు, డైపర్లు, మామూలు మందపాటి కాగితం అందులో వేయకూడదు. ప్యాకెట్ మీద "ఫ్లష్ చేయొచ్చు" అని రాసినవీ వద్దు. నీళ్లలో ఇట్టే విడిపోయే ఆర్వీ కాగితం విడిగా దొరుకుతుంది. గోడ మీద దీపాలు ట్యాంకు ఎంత నిండిందో చూపిస్తాయి గానీ వాటిని నమ్మొద్దు. సెన్సారుకు కాగితం అంటుకుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండినట్టే చూపిస్తుంది.

ఖాళీ చేసే వరస ఇది. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. మురుగు గొట్టం ఒక కొస బండికి మెలేసి బిగించి, లాగి చూడండి. రెండో కొస నేలలోని రంధ్రంలో దూర్చి, దానిమీద బరువు పెట్టండి. ముందు బ్లాక్ వాల్వు లాగాలి. చప్పుడు ఆగేదాకా నిలబడి, మూసేయాలి. ఆ తర్వాత గ్రే. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతూ పోతాయి కాబట్టే ఈ వరస. తిరగేసి చేసినవాళ్లు గొట్టం విప్పేటప్పుడు తెలుసుకుంటారు. తర్వాత టాయిలెట్లోంచి కొన్ని గ్యాలన్ల నీళ్లూ, ట్యాంకులో వేసే మందూ పోసి వదిలేయండి, ఖాళీ ట్యాంకు అడుగున ఎండిపోకుండా.

మూడు కనెక్షన్లూ ఉన్న చోట దిగినప్పుడు "ఎలాగూ గొట్టం పెట్టే ఉందిగా" అని బ్లాక్ వాల్వు తెరిచి ఉంచేస్తారు కొందరు. నీళ్లు జారిపోయి గట్టిది కిందే గుట్టగా పేరుకుంటుంది. దాన్ని కదిలించడం ఎవరితరమూ కాదు. మూసి ఉంచి, మూడింట రెండొంతులు నిండాకే వదలాలి. మంచినీళ్ల గొట్టం వేరు, కడిగే గొట్టం వేరు. డంప్ స్టేషన్లో రెండు కుళాయిలుంటే ఏది తాగేదో బోర్డు చదివి మరీ పెట్టండి.

ఈ పని ఎవరు చేస్తారో ముందే ఒప్పందం చేసుకోవాలి. అల్లుడి మీదకు తోసేస్తే అత్తగారు ఊరుకోరు, ఆ సంగతీ చూసుకోండి.

7. పోపు, కుక్కరు, కరెంటు

క్లాస్ సి బండికి సాధారణంగా 30 ఆంపియర్ల ప్లగ్గు. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. ఏసీకి 1,500 పోతే, మైక్రోవేవ్‌కు దాదాపు అంతే. దానిమీద ఇన్‌స్టంట్ పాట్ వేయి వాట్లు పెడితే? బ్రేకర్ టక్కున పడుతుంది. వంట చేసేవాళ్లు "ఏసీ కట్టేస్తున్నా" అని అరిచి కుక్కర్ పెట్టడం అలవాటు చేసుకోవాలి. కరెంటు లేని చోట ఏసీ నడవాలంటే జెనరేటర్ వేయాలి, రాత్రిపూట పార్కుల్లో దానికి అనుమతి ఉండదు. చాలా బళ్లలో గ్యాసు పావు ట్యాంకుకు దిగగానే జెనరేటర్ తనంతట తనే ఆగిపోతుంది, మీరు దారిలో చిక్కుకోకూడదని.

ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది. ముందురోజు రాత్రే వేసి ఉంచమని కంపెనీని అడగండి. దోసెల పిండి తీసుకెళ్లేవాళ్లకు ప్రత్యేక హెచ్చరిక: గతుకుల రోడ్డు మీద ఎండ వేళ పొంగిన పిండి డబ్బా మూత తోసుకుని ఫ్రిజ్ అరలన్నీ పాకుతుంది. సగమే నింపండి, లేదా గట్టి పెరుగుతో సరిపెట్టుకోండి. పచ్చళ్ల సీసాలు ఒక్కోటీ సాక్సులో దూర్చి నిలబెడితే పగలవు.

ఎల్లోస్టోన్ సరస్సు సముద్రమట్టానికి 7,700 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. కుక్కరు తప్పనిసరి, రెండు విజిల్స్ ఎక్కువే పెట్టండి. అంత ఎత్తులో గుండె, ఊపిరి సమస్యలున్న పెద్దవాళ్లకు ఆయాసం రావొచ్చు. డాక్టర్‌ను ముందే అడగడం, మందుల చీటీ కాపీ వెంట ఉంచుకోవడం, విజిటర్స్ ఇన్సూరెన్స్ ఏమేం ఇస్తుందో చదవడం డాలస్‌లోనే అయిపోవాలి. పార్కుల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు.

పొద్దున్నే ఇంగువ వేసి పోపు పెట్టారనుకోండి. ఆవాలు చిటపటమనేలోపు నెత్తిమీద స్మోక్ అలారం కూస్తుంది, క్యాంపుగ్రౌండంతా లేస్తుంది. విసుగొచ్చి బ్యాటరీ పీకేయొద్దు. పైకప్పు ఫ్యాను వేసి, పొయ్యి పక్క కిటికీ తెరిచి, అప్పుడు బాణలి పెట్టండి. లేదా ఇంటి దగ్గరే పోపులన్నీ వేయించి సీసాలో పోసి తెచ్చుకోండి. బయట బల్ల దగ్గర చిన్న పొయ్యి మీద వండుకుంటే ఇంకా హాయి, కానీ ఎలుగుబంట్ల చోట వంట అయిన మరుక్షణం పొయ్యి, గిన్నెలు, చెత్త అన్నీ బండిలోకి రావాలి.

చలేస్తోందని పొయ్యి వెలిగించి పడుకోవడం ప్రాణాంతకం. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన రాకుండా చంపేస్తుంది. వెచ్చదనానికి విడిగా ఫర్నేస్ ఉంటుంది. నేలకు దగ్గరగా ఉండే గ్యాస్ అలారాన్ని సామాన్లతో కప్పొద్దు. ప్రొపేన్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది.

8. ఒక రాత్రి ఊరి పక్కనే

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చదివితే వచ్చేవి కావు. డాలస్ వాళ్లకు సీడార్ హిల్ స్టేట్ పార్కు ఊరి పక్కనే, జో పూల్ సరస్సు ఒడ్డున ఉంది. నీళ్లూ కరెంటూ ఉన్న చోట్లున్నాయి. ఏప్రిల్‌లోనో మేలోనో ఒక వారాంతానికి ఇక్కడే బండి తీసుకుని అందరూ వెళ్లి పడుకోండి. వంట చేయండి, అందరూ స్నానం చేయండి, రాత్రి పెద్దవాళ్లు బాత్రూముకు లేవనివ్వండి, పొద్దున్నే ట్యాంకులు ఖాళీ చేయండి. ఆ ఒక్క రాత్రిలో ఏయే సామాను అనవసరమో, ఎవరికి ఎక్కడ నిద్ర పట్టదో తేలిపోతుంది. ఒకవేళ "ఇది మనవల్ల కాదు" అనిపించినా మంచిదే, హోటళ్లు బుక్ చేసుకోవడానికి ఇంకా వీలుంటుంది కదా.

అది కుదరకపోతే? సాల్ట్ లేక్‌లో బండి తీసుకున్న రోజు ఎక్కడికీ కదలొద్దు. దగ్గర్లోని ఆర్వీ పార్కులో దిగి, సరుకులు కొని సర్దుకుని, అన్నీ ఒకసారి నడిపి చూడండి. ఏదైనా పనిచేయకపోతే పొద్దున్నే అద్దె కంపెనీకి వెనక్కి వెళ్లడం అరగంట పని. ఆరోజే మూడొందల మైళ్లు కొట్టాలనుకునేవాళ్లకు వాటర్ పంపు పాడైందని ఐడహోలో తెలుస్తుంది.

సర్దేటప్పుడు బరువు కూడా చూడాలి. తలుపు దగ్గర పసుపు చీటీ మీద ఈ బండి ఎంత మోయగలదో రాసి ఉంటుంది. ట్యాంకులో 40 గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్లు. బియ్యం బస్తా, ఇటుకల్లాంటి సూట్‌కేసులు దాని మీద. పెట్టెలు వద్దు, మెత్తటి సంచులు తెచ్చుకుంటే ఖాళీ అయ్యాక మడిచి మూలన పడేయొచ్చు.

9. ఖాళీ పార్కింగ్ లాటులో ఒక గంట

26,000 పౌండ్ల లోపు బండికి చాలా రాష్ట్రాల్లో మామూలు లైసెన్సు చాలు. చట్టం ఒప్పుకుంది కదాని చేతులు ఒప్పుకోవు. ఆదివారం పొద్దున ఏదైనా ఖాళీ పార్కింగ్ లాటులో నాలుగు ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకుని తిప్పండి. వెనక చక్రాల తర్వాత పది అడుగుల దాకా వేలాడే తోక ఉంటుంది. కుడికి తిప్పితే ఆ తోక ఎడమకు ఊగుతుంది. గ్యాసు బంకుల్లో పసుపు స్తంభాలకు గీసుకుపోయేది అందుకే. నడపబోయే ఇద్దరూ నేర్చుకోవాలి.

రివర్స్‌లో వెనక ఒకరు నిలబడాలి, ఒక్కరే. నలుగురు నాలుగు వైపుల నుంచి "రా రా రా... ఆపు ఆపు" అంటే చెట్టు తగలడం ఖాయం. ఆ ఒక్కరూ డ్రైవర్‌కు అద్దంలో కనిపించేచోటే ఉండాలి, కనిపించకపోతే డ్రైవర్ బండి ఆపేయాలి. అనుమానమొస్తే దిగి చూసుకోండి. ఎవరూ నవ్వరు, క్యాంపుగ్రౌండ్లో అందరూ అదే చేస్తారు.

దిగుడు రోడ్ల మీద బ్రేకులు తొక్కిపట్టి ఉంచితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. గేరు తగ్గించి, టో-హాల్ మీట ఉంటే నొక్కి, ఇంజిన్‌తోనే వేగం ఆపాలి. జాక్సన్ పక్కన టీటన్ పాస్ 10 శాతం వాలు, మొదటిసారి వాళ్లు చుట్టుదారే పట్టడం మంచిది. వయోమింగ్‌లో ఐ-80 మీద గాలులకు ఎత్తయిన బళ్లను ఆపేసే రోజులుంటాయి. అలాంటి రోజు ఆగి పేకాడుకోవడమే.

ఒకసారి దిగి గొట్టాలు తగిలించాక పాల ప్యాకెట్టు కోసం వెళ్లాలన్నా ఇల్లంతా విప్పి సర్దాలి. అందుకని సరుకులు ముందే కొనేసి, పార్కులో తిరగడానికి బస్సులున్న చోట వాటినే ఎక్కండి. గ్రాండ్ కాన్యన్, జయాన్ రెండింట్లోనూ ఉచిత షటిల్స్ ఉన్నాయి. బయలుదేరే ప్రతి పొద్దునా మాత్రం ఒకరు బండి చుట్టూ నడవాలి: కరెంటు తీగ తీశామా, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం, మెట్టు, పైకప్పు గవాక్షం, అరల తలుపులు, ఫ్రిజ్ గొళ్లెం. ఈ పని పదేళ్ల పిల్లలకు అప్పగిస్తే భలే శ్రద్ధగా చేస్తారు.

10. అప్పగించే రోజు

ఆఖరి రాత్రి అద్దె కంపెనీకి ముప్పై మైళ్ల లోపే ఉండాలి. తొమ్మిదింటికి అప్పగించాల్సి ఉంటే, అంతకుముందు ట్యాంకులు ఖాళీ చేయాలి, గ్యాసు నింపాలి, ఊడవాలి. అవి చేయకపోతే ఒక్కోదానికీ విడిగా బిల్లు వేస్తారు. తెల్లటి కౌంటరు మీద పసుపు మరకలు ముందురోజు సాయంత్రమే బేకింగ్ సోడా పెట్టి తుడవండి, పొద్దున హడావిడిలో పోవు. బ్లాక్ ట్యాంకు ఖాళీ చేసేటప్పుడు రసీదిస్తే దాచుకోండి. బండి వదిలేముందు మళ్లీ చుట్టూ, పైనా వీడియో తీసి, మైళ్ల మీటరూ జెనరేటర్ గంటల మీటరూ అందులో పడేలా చూడండి. సీట్ల కింద, అటక పడక మూలల్లో, ఫ్రిజ్ వెనక అరలో ఒకసారి చెయ్యి పెట్టి వెతకండి. నాన్నగారి కళ్లజోడు అక్కడే ఎక్కడో ఉంటుంది.